మీ దగ్గర పనిచేసే మనిషి తన మాత్ర ఎందుకు దాచుకుంటున్నాడో మీకు తెలీదా?

మీ బండల ఫ్యాక్టరీలో ఎంతమంది పని చేస్తారు?

పదిహేను మందా? ముప్పై మందా?

వాళ్లలో ఎంతమంది తలనొప్పి మాత్ర అని చెప్పి ఇంకో మాత్ర మింగుతున్నారో ఎప్పుడైనా పట్టించుకున్నారా?

బండ ఎంత మందం వచ్చిందో మీకు తెలుసు. పొద్దున్నుంచి ఎన్ని చదరపు అడుగులు పాలిష్ అయిందో తెలుసు. లారీ ఎప్పుడు కదిలిందో, డీజిల్ ఎంత పోశారో, కరెంటు బిల్లు ఎంత వచ్చిందో అన్నీ తెలుసు. మిషన్ శబ్దం కాస్త మారితే లోపలి గదిలోంచే పసిగడతారు. దాని పక్కన నిలబడిన మనిషి మూడు నెలలుగా మారిపోతుంటే కనపడలేదా?

2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు పన్నెండు రాష్ట్రాలు తిరిగి సర్వే చేశారు. పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక జబ్బుతో ఉన్నారని తేల్చారు. వాళ్లలో చాలామందికి వైద్యమే అందడం లేదనీ తేల్చారు. లెక్క మీరే వేసుకోండి. ముప్పై మంది ఉన్నచోట ముగ్గురు. ఎవరా ముగ్గురు?

"మా దగ్గర అట్లాంటోళ్లు లేరు" అంటారు.

ఉన్నారు. మీకు చెప్పలేదు, అంతే.

ఎందుకు చెప్పలేదు? పొద్దున లేస్తే "తిక్కోడు" అన్న మాట మీ నోట ఎన్నిసార్లు వస్తుందో గుర్తు చేసుకోండి. "వీణ్ని ఎర్రగడ్డకు పంపాల" అని నలుగురి ముందు నవ్విన రోజు గుర్తు చేసుకోండి. ఆ నలుగురిలో ఒకతను నవ్వలేదు. మీరు గమనించలేదు.

బేతంచెర్ల బండలంటే ఎంత పేరు! ఎన్ని ఊళ్లల్లో, ఎన్ని ఇళ్ల నట్టింట్లో పరుచుకుని ఉన్నాయి! ఆ బండను గనిలోంచి తీసినవాడు, కోసినవాడు, నున్నగా చేసినవాడు తన జబ్బు పేరు తను పనిచేసే చోట పలకలేడు. ఇది మనకు సిగ్గు కాదా?

ఒక్క మందు సంగతి చెప్తాను. బైపోలార్ జబ్బుకు డాక్టర్లు రాసే వాటిలో లిథియం ఒకటి. మంచి మందు. దశాబ్దాలుగా ఎంతోమందిని నిలబెట్టిన మందు. కానీ ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. పెరిగితే విషం. చేతులు వణుకుతాయి. నడక తూలుతుంది. మాట ముద్దగా వస్తుంది. వాంతులు, విరేచనాలు. ముదిరితే ఫిట్స్, ప్రాణం మీదికే వస్తుంది. అందుకే ఆ మందు వాడే మనిషి నీళ్లు సరిగా తాగాలి. డాక్టరు చెప్పినప్పుడల్లా రక్త పరీక్ష చేయించుకోవాలి.

ఇప్పుడు మే నెలను తలుచుకోండి.

నంద్యాల పక్క ఎండ 44, 45 డిగ్రీలు తాకే రోజులు. పైన రేకులు. నిలబడిన చోటే చెమట కారుతుంటుంది. ఆ మందు దాహాన్ని పెంచుతుంది, ఒంటేలునూ పెంచుతుంది. మనిషి మాటిమాటికీ బయటికి పోతాడు. "ఏంరా, మళ్లీ యాడికి?" అని మేస్త్రీ అరుస్తాడు. అతను ఏం చెప్పాల?

నిజం చెప్తే రేపట్నుంచి రావద్దంటారు. చెప్పకపోతే నీళ్లు తాగడం తగ్గించుకుంటాడు.

మాట పడకూడదని, కూలి పోకూడదని, దాహం అణుచుకుని లిథియం కడుపులో పెట్టుకుని నిలబడతాడు. మందు తెచ్చే ప్రమాదం కాదిది. మీ భయం తెచ్చే ప్రమాదం.

ఇంకా ఉంది. ఆ జబ్బున్న మనిషికి నిద్ర చెడితే జబ్బు తిరగబెట్టొచ్చు. రాత్రి షిఫ్టు వారం, పగటి షిఫ్టు వారం మారుస్తూ పోతే అతణ్ని మీ చేతులతో మీరే ఆసుపత్రి వైపు నెడుతున్నట్టు. కొన్ని మందులు మొదలుపెట్టిన కొత్తలో మగత తెస్తాయి. ఆ రోజుల్లో అతను తిరుగుతున్న బ్లేడు ముందు ఉంటే? చెయ్యి జారితే?

చెయ్యి పోయాక ఏమంటారో నాకు తెలుసు. "తాగొచ్చాడేమో" అంటారు.

ఇంత ఘోరం ఆపడానికి ఏం కావాలో తెలుసా? రెండు మాటలు. "ఈయన్ను రాత్రికి వెయ్యొద్దు. నీళ్లకు పోతే అడగొద్దు." కొత్త మందు పడినప్పుడు కొన్నాళ్లు బ్లేడు దగ్గర కాకుండా సరుకు చూసుకునే చోట పెట్టండి. ఎంత ఖర్చయింది? చెప్పండి, ఎంత?

రూపాయి కాలేదు.

చదవడం రాయడం దగ్గర తడబడే మనిషి సంగతి ఇంకా దారుణం. ఆర్డరు కాగితం మీద 24 అని ఉంటే 42 అని చదువుతాడు. రాసిన సైజు ఒకటి, కోసిన సైజు ఒకటి. బండ వృథా. తిట్లు. కూలిలో కోత. అదే మనిషికి నోటితో చెప్పి చూడండి. కంటితో చూసి రాయి ఎక్కడ పగులుతుందో చెప్పే మనిషి, చేత్తో తడిమి పాలిష్ చాలదని చెప్పే మనిషి, రెండు అంకెల దగ్గర ఓడిపోతున్నాడు. అతనికి తెలివి లేదా? అంకెల కింద రంగు గీత గీస్తే, మాటతో ఒకసారి చెప్పి మళ్లీ అతని నోట చెప్పించుకుంటే తీరిపోయే ఇబ్బందికి "మొద్దు" అని పేరు పెట్టింది ఎవరు?

2007లో 'తారే జమీన్ పర్' సినిమా చూసి ఏడ్చారు కదా. ఆ బిడ్డను అక్షరాలు వెక్కిరిస్తుంటే కళ్లు తుడుచుకున్నారు కదా. ఆ ఈడు పిల్లలకు ఇప్పుడు పాతికేళ్లు దాటాయి. మీ దగ్గరే పనికి చేరారు. మీ షాపులో లెక్కలు రాస్తున్నారు, మీ ఫైనాన్స్ ఆఫీసులో ఫారాలు నింపుతున్నారు, మీ ప్రైవేటు బడిలో పాఠం చెప్తున్నారు. ఇప్పుడెందుకు ఏడుపు రావడం లేదు?

వాళ్లు చిన్నప్పుడు చదివిన బడుల్లో ఈ సమస్యకు పరీక్ష చేసినవాళ్లు ఎంతమంది? ఈ ఇబ్బంది చట్టంలో వైకల్యంగా చేరిందే 2016లో. అప్పటికే బడి మానేసి గనిలోకి దిగిన మనిషి దగ్గర ఏ కాగితం ఉంటుంది? సర్టిఫికెట్ లేదు. ఆ ఇబ్బంది పేరు తెలీదు. గోడ కుర్చీ వేయించిన జ్ఞాపకం మాత్రం ఉంది. అతను మీకు ఏమని చెప్పుకోవాల?

"మాకు ముందే చెప్పి ఉంటే ఏదో ఒకటి చేసేవాళ్లం కదా" అంటారు.

ఆ మాట అనడానికి మీకు నోరెలా వస్తుంది?

చెప్పినవాళ్లకు ఏం జరిగిందో ఊరంతా చూసింది. చెప్పిన మరునాడే లెక్క తేల్చి పంపేశారు, పంపేసి ఊరుకోక పక్క ఫ్యాక్టరీ ఓనరుకు ఫోన్ చేసి "ఆ పిల్లోడితో జాగ్రత్త" అన్నారు, నమ్మి మేస్త్రీ చెవిలో వేసిన మాట సాయంత్రానికి టీ బంకు దాకా పోయింది, టీచరమ్మ డిప్రెషన్‌కు మందులు వాడుతోందని తెలిసి తల్లిదండ్రుల పేరు చెప్పి క్లాసు మార్చారు, తర్వాత జీతం తగ్గించారు, తర్వాత ఏడాది చివర రావద్దన్నారు, బాలింత మనసు బాగాలేక నెల రోజులు సెలవడిగితే ఉద్యోగమే వదులుకో అన్నారు, ఉద్యోగం దరఖాస్తులో "ఎప్పుడైనా మానసిక చికిత్స తీసుకున్నారా" అని గడి పెట్టి అవునని రాసినవాళ్లను పిలవనే లేదు, లేదని రాసినవాళ్ల మందుల చీటీ ఆ తర్వాత ఎప్పుడో బయటపడితే అబద్ధం చెప్పావని తీసేశారు, ఆసుపత్రికి పోవడానికి నెలకొక పూట అడిగితే ఆ పూట కూలి కోసి పైగా "పిచ్చి ముదిరిందా" అని అందరిముందు అడిగారు, సామాను పోతే మొదట అతన్నే అనుమానించారు, గొడవైతే తప్పు అతనిదే అన్నారు, నవ్వితే తిక్క అన్నారు, ఏడిస్తే తిక్క అన్నారు, న్యాయంగా కూలి పెంచమని అడిగినా తిక్కే అన్నారు, దయ్యమన్నారు, గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించుకుని రమ్మన్నారు, కట్టించుకుని వస్తే మందు మానేయమన్నారు, మానేసి పడిపోతే ఇంటికి తీసుకుపొమ్మని ముసలి తల్లికి కబురు పెట్టారు, పెళ్లి సంబంధం వాళ్లు ఆరా తీస్తే చెప్పకూడనిదంతా చెప్పి ఆ ఇంట్లో చెల్లెలి పెళ్లి కూడా చెడగొట్టారు.

ఇన్ని చేసి "ముందే చెప్పాల్సింది" అంటారా?

ప్రతి తల్లీ అదే చెప్తుంది. "నాయనా, యాడా చెప్పొద్దు." ఆ తల్లికి ఎవరు నేర్పారు ఆ మాట?

మనమే.

చట్టం లేదనుకుంటున్నారేమో. ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులోని 21 రకాల వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఉంది, చదువు నేర్చుకోవడంలో వైకల్యం ఉంది, ఆటిజం ఉంది. ప్రతి సంస్థా వికలాంగులకు సమాన అవకాశాలు ఎలా ఇస్తుందో రాసి పెట్టాలని 21వ సెక్షన్ చెప్తోంది. ప్రైవేటు అయినా సరే. 20 మందో అంతకు మించో పనిచేసే చోట ఏయే పనులు వాళ్లకు తగినవో కూడా అందులో ఉండాలి.

మీ గోడ మీద ఆ కాగితం ఎక్కడుంది?

దేవుడి పటం ఉంది. క్యాలెండర్ ఉంది. 'అప్పు లేదు' అన్న బోర్డు ఉంది. ఆ కాగితం ఏది?

92వ సెక్షన్ చదివారా? వైకల్యం ఉన్న మనిషిని నలుగురూ చూసే చోట కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. షిఫ్టు మారే వేళ గేటు ముందు "ఒరే తిక్కోడా" అని మీరు వేసే కేక ఉంది చూడండి, అది నేరమయ్యే మాట. సరదా అని మీరనుకుంటున్నారు. ఇన్నేళ్లుగా పక్కన నిలబడి విన్నవాళ్లు కూడా సరదా అనే ఊరుకున్నారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకో మాట చెప్పింది. మనిషి మానసిక ఆరోగ్యం, చికిత్స వివరాలు గోప్యంగా ఉండాలి, అది అతని హక్కు అని. ఈ చిన్న ఊరిలో ఆ హక్కు ఎక్కడ బతుకుతోంది? నంద్యాలలో ఆసుపత్రి మెట్లెక్కితే మన ఊరివాళ్లు కనపడతారని కర్నూలు పోతున్నారు. కర్నూలులోనూ చుట్టాలున్నారని హైదరాబాదు రైలెక్కుతున్నారు. ఒక పూటలో అయ్యే పనికి రెండు రోజుల కూలి పోగొట్టుకుంటున్నారు. అదీ మనకు భయపడి.

చట్టంలోనూ కంత ఉంది. ఆ సంగతి కూడా చెప్పాల్సిందే. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు అని 20వ సెక్షన్ గట్టిగా చెప్పింది ప్రభుత్వ సంస్థలకే. మన రేకుల షెడ్డులో రోజు కూలికి వచ్చే మనిషికి అంత గట్టి మాట ఏదీ? నియామక పత్రమే లేని చోట తీసేశారని రుజువు చేసుకునేదెట్లా? పాలకులు ఈ కంతను ఎందుకు పూడ్చడం లేదు? పెన్షన్ దగ్గర సదరం సర్టిఫికెట్ చూస్తారు, శాతం ఎంతని అడుగుతారు, మళ్లీ పరీక్షకు రమ్మని నోటీసులిస్తారు. ఆ మనిషి పని చేసుకుని బతకగలడా అని పని చేసే చోటికి పోయి ఎవరైనా చూశారా?

ఈఎస్‌ఐ ఉన్న కార్మికుడికి స్కిజోఫ్రినియా లాంటి జబ్బు వస్తే, షరతులు కుదిరితే, రెండేళ్ల దాకా కూలిలో 80 శాతం చెల్లించే ఏర్పాటు ఉంది. ఈ ముక్క మీ కార్మికుల్లో ఒక్కరికైనా చెప్పారా?

సుప్రీంకోర్టు దాకా పోయిన మనిషి గురించి వినండి. సీఆర్పీఎఫ్ అధికారి రవీందర్ కుమార్ ధారీవాల్. ఓసీడీ, డిప్రెషన్‌లకు చికిత్స తీసుకుంటున్నాడు. డిపార్టుమెంటు ఆయన మీద క్రమశిక్షణ చర్యలు మొదలుపెట్టింది. 2021 డిసెంబర్ 17న కోర్టు ఆ చర్యలను కొట్టేసింది. మానసిక వైకల్యం ఉన్నవాళ్లు ఆ వైకల్యం వల్లే ఇలాంటి చర్యల పాలయ్యే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువనీ, ఇది పరోక్షంగా వివక్షేననీ చెప్పింది. వేరే పోస్టుకు మార్చాల్సి వస్తే జీతభత్యాలు తగ్గకూడదంది. తుపాకీ అవసరం లేని పని ఇవ్వొచ్చంది.

అర్థమైందా? తుపాకీ పక్కన పెట్టండి, మనిషిని పెట్టొద్దు అంది.

తుపాకులతో నడిచే కొలువులోనే అది సాధ్యమైతే, బండలు కోసే చోట ఎందుకు కాదు?

తెలంగాణ ఆర్టీసీ సంగతే చూడండి. రంగులు సరిగా కనపడవని డ్రైవర్ సీహెచ్ జోసెఫ్‌ను ఉద్యోగం నుంచి పంపించేస్తే, 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు వేరే పని ఇవ్వాల్సిందేనంది. ఆయనకు తగ్గ పని ఉందో లేదో వెతకాల్సిన బాధ్యత యజమానిదేనని తేల్చింది. అది కంటి విషయం. కంటికున్న న్యాయం మనసుకు లేదా?

అమెరికాలో 1990 నుంచి, బ్రిటన్‌లో 2010 నుంచి చట్టాలున్నాయి. ఉద్యోగం ఇస్తామని చెప్పకముందే జబ్బు గురించి ఆరా తీయడానికి అక్కడ యజమానికి వీల్లేదు. కొద్దిపాటి మినహాయింపులే. ముందు పని చూడు, తర్వాత మాట్లాడు అని వాళ్ల చట్టం కట్టడి చేసింది. మన దగ్గర? "ఇంట్లో ఎవరికైనా తిక్క ఉందా" అని కూడా అడుగుతారు. అడగడం తప్పని ఎవరికీ తోచదు.

"వాళ్లు మీదపడి కొడితే?" ఇదొక భయం మీకు. మానసిక జబ్బున్నవాళ్లలో అత్యధికులు ఎవరి జోలికీ పోరు. దెబ్బలు తినేది ఎక్కువగా వాళ్లే. రోజూ సాయంత్రం తాగి గేటు దగ్గర గొడవపడేవాణ్ని భరిస్తారు. భార్యను కొట్టి వచ్చినవాణ్ని భరిస్తారు. మౌనంగా మాత్ర వేసుకుని ఎనిమిది గంటలు పని చేసేవాణ్ని చూసి భయపడతారు. ఇదేం లెక్క?

డబ్బు భాషలోనే చెప్పమంటారా? డిప్రెషన్, ఆందోళన జబ్బుల వల్ల ఏటా ప్రపంచంలో 1200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందులో మీ షెడ్డు రోజులూ ఉన్నాయి. దాచుకుని పనికొచ్చి, పనిలో పడిపోయి, మందు మానేసి, మళ్లీ జబ్బు పడి పోగొట్టుకున్న రోజులు.

2023 జూలైలో విశాఖలో నీట్ కోచింగ్‌కు వచ్చిన 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. తండ్రి సుప్రీంకోర్టు దాకా పోరాడాడు. 2025 జూలై 25న కోర్టు, మానసిక ఆరోగ్యం జీవించే హక్కులో భాగమేనంది. నూరుమంది, అంతకు మించి విద్యార్థులున్న చోట కౌన్సెలర్‌ను పెట్టమంది. ఒక బిడ్డ పోయాక, ఒక తండ్రి రెండేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాక పిల్లలకు ఆ మాత్రం దక్కింది.

పని చేసే చోట అంతకంటే తక్కువ ప్రాణాలున్నాయా? ఇక్కడ కూడా ఒక శవం లేవాలా?

"నీ జబ్బు సంగతి ఓనరుకు చెప్పుకో" అని ఏ పిల్లోడికీ నేను సలహా ఇవ్వను. ఇవ్వలేను. మీరు ఇలా ఉన్నంతకాలం అది వాడి కూడు తీసే సలహా. ధైర్యం చేయమని వాళ్లకు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ధైర్యం చేయాల్సింది నెల తిరిగితే అప్పు కిస్తీ కట్టాల్సిన కూలివాడా? నాలుగు లారీలున్న మీరా?

ముందు మీరు చెప్పండి. చెప్పినవాళ్లను తీసేయబోమని గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి. చదవలేనివాళ్ల కోసం షిఫ్టు మొదట్లో నోటితో చెప్పండి. ఆసుపత్రి రోజు కూలి కోయబోమనండి. ఎవరికి చెప్పుకోవాలో ఒక మనిషిని చూపించండి. ఆ మనిషి నోరు మెదిపితే అతని మీదే చర్య తీసుకోండి. మేస్త్రీలను కూర్చోబెట్టి ఇక ఈ గేటు లోపల 'తిక్కోడు' అన్న మాట వినపడకూడదని తేల్చి చెప్పండి. టెలీ మానస్ నంబరు 14416 నీళ్ల డ్రమ్ము పక్కన రాయించండి. డబ్బు కట్టక్కర్లేదు, పగలూ రాత్రీ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబర్ నుంచి ఉంది అది. ఇన్నేళ్లుగా మీ గోడకు ఎందుకు ఎక్కలేదు?

రాయల్టీ పెరిగితే మీరంతా ఏకమవుతారు. కరెంటు చార్జీలు పెరిగితే ఫ్యాక్టరీలు మూసేసి రోడ్డెక్కుతారు. అధికారుల దగ్గరికి అర్జీలు పట్టుకుని పోతారు. మీకు కలిసి మాట్లాడటం వచ్చు. కలిసి నిర్ణయం తీసుకోవడం వచ్చు. వచ్చే మీటింగులో ఈ మాట కూడా ఎత్తండి.

ఎవరు ఎత్తుతారు? పేరు చెప్పండి.